జొన్నలు తొక్కని కుక్క

మా చెల్లెలి ఆఫీసు మా ఇంటికి పది నిమిషాల నడక. ఆ పది నిమిషాల కోసం నేను దాదాపు రెండేళ్లు కంటి నిండా నిద్రపోలేదు.

మా ఇల్లు కర్నూలు ఊరి చివర, హైవే పక్కన ఉంటుంది. ఇంటి ముందు సర్వీసు రోడ్డు. దాన్ని పట్టుకుని ఓర్వకల్లు వైపు నేరుగా పోతే ఎడమ చేతి పక్కనే చెల్లెలు పనిచేసే కరెంటాఫీసు. మలుపు లేదు, కూడలి లేదు. చూపున్నవాళ్లకి అదొక దారి కిందే లెక్క కాదు. మా చెల్లెలికి చూపు లేదు. పుట్టుకతో కాదు. ముప్పై దాటాక కంటి వెనక పొర కొద్దికొద్దిగా ఎండిపోతూ వచ్చి, నలభై నిండేసరికి పూర్తిగా చీకటైంది. అయినా ఉద్యోగం వదల్లేదు. కరెంటు పోయిందని ఫోన్ చేసే జనం తిట్లన్నీ విని, ఏ వీధో కనుక్కుని, లైన్‌మన్‌కి చెప్పడం ఆమె పని. దానికి చెవులూ ఓపికా ఉంటే చాలంటుంది. మా ఇంట్లో ఓపికంతా ఆమెకే పోయింది, నా వాటాకి నోరు మిగిలింది.

నేను హైస్కూల్లో పీఈటీ మేడమ్‌ని. ఇరవై ఏళ్లకు పైగా ఎండలో నిలబడి, విజిల్ ఊది, పిల్లల మీద అరిచి బతికినదాన్ని. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. పొద్దున స్కూటీ మీద చెల్లెల్ని ఆఫీసు దగ్గర దించి బడికి పోయేదాన్ని, సాయంత్రం మళ్లీ ఎక్కించుకుని వచ్చేదాన్ని. ఇది ఎల్లకాలం సాగదని తెలుసు. ఒకే బడిలో ఉండాల్సినన్నేళ్లు ఉన్నాను. వచ్చే వేసవి కాక ఆ పై వేసవికి బదిలీ తప్పదు. పత్తికొండ అవతల ఏ పల్లెకో వేస్తారు. అప్పుడు చెల్లెలు లేచేలోపే నేను బస్సెక్కాలి.

ముందుగా తెల్లకర్ర పట్టుకుని తనే ఒంటరిగా పోయి చూసింది. మూడో రోజు మూత లేని కాలువలో పడింది. మోకాలికి కట్టు కట్టించుకుని మంచం మీద పడుకుని చాలా మామూలుగా చెప్పింది.

"అక్కా, నువ్వు పోయినంక ఎవురో ఒకరు నన్ను ఆటోలో ఎక్కించల్ల, ఎవురో ఒకరు దింపల్ల. మూటను దించినట్ల నన్ను దించుతాంటే నేను ఉండలేను. అట్లయితే ఉద్యోగం ఇడిసిపెడ్తా."

ఆమె అన్నదంటే చేస్తుంది. ఉద్యోగం మానేసి గోడకానుకుని కూర్చున్న చెల్లెల్ని నేను చూడలేను, కనబడినవాళ్లందరినీ ఏదైనా దారి చెప్పమని అడిగాను. అప్పుడే, చూపు లేనివాళ్లకి దారి చూపే కుక్కల్ని తయారుచేసే ఒకాయన బెంగుళూరులో ఉన్నాడని తెలిసింది. బళ్లారి పక్క మనిషి, తెలుగు బాగా వచ్చు. ఫోన్‌లో ఒకే షరతు పెట్టాడు. మొదటి ఏడాది కుక్కపిల్లని నేనే పెంచాలి. రోజూ బయటికి తిప్పాలి. "మీ ఊరి రోడ్లు, మీ ఊరి మోత, మీ ఊరి ఎండ, అన్నీ మీరే అలవాటు చెయ్యాలక్కా. ఆ తర్వాత పని నేను నేర్పిస్తా. పునాది మాత్రం మీదే" అన్నాడు. పునాది మాట విని పొంగిపోయాను. అంత బరువైన మాట అని తెలిస్తే ఒప్పుకునేదాన్నో కాదో.

పిల్ల మా ఇంటికి వచ్చేనాటికి దానికి రెండు నెలలు. లేత గోధుమరంగు లాబ్రడార్ ఆడపిల్ల. దిగీ దిగగానే నా బూటు తాడు నమిలింది. దాని పేరు ఇక్కడ రాయను. బయటివాళ్లకి పేరు చెప్పొద్దని ట్రైనరు మొదటి రోజే గట్టిగా చెప్పాడు. రోడ్డు మీద ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పని మధ్యలో తల తిప్పుతుందట. "ఆ ఒక్క క్షణం చాలక్కా, మనిషి పోవడానికి." ఆ మాట నా నెత్తి మీద కూర్చుంది. అప్పటినుంచి వీధిలో దాన్ని 'పిల్లా' అనే పిలిచాను.

మా బళ్లో లెక్కల సారు మాత్రం ఊరుకోలేదు. "ఏం మేడమ్, కుక్క తోక పట్టుకుని గోదారి ఈదుతాండారంట?" అన్నాడు స్టాఫ్ రూములో అందరి ముందు. "మనకి గోదారి యాడుంది సార్, ఉండేది తుంగభద్ర. ఎండాకాలం అది మోకాటి లోతే. మా చెల్లెలు నడిచే పోతుంది, మీరు ఈదండి" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ రోజు గ్రౌండులో ఉన్నంతసేపూ ఆ సామెతే చెవిలో తిరిగింది. ఏమో, ఆయనన్నదే నిజమవుతుందేమో.

పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట పిల్లని తిప్పేదాన్ని. మోతకు అలవాటు చెయ్యాలని మొదట తీసుకుపోయింది మా వీధి మొగలో కుట్టుమిషన్ పెట్టుకున్న భాయ్ దగ్గరికి. పెద్దాయన, ఐదు పూటలా నమాజు చేస్తాడు. కుక్కని చూసి ఏమంటాడోనని జంకుతూనే అడిగాను. "కూచోబెట్టుకో తల్లీ, మిషన్ మోత కదా దానికి కావాల్సింది. ఆ పక్కకి కూచోబెట్టు. దాని నోటి తడి బట్టకి తగిలితే నమాజుకి పనికిరాదు, మార్చుకోవాల. అంతే, దాని తప్పేముందిలే" అన్నాడు. నెల రోజులు ఆ మిషన్ పక్కన రెండడుగుల దూరంలో కూర్చుని, చివరికి ఆ మోతలోనే కునుకు తీయడం నేర్చుకుంది.

తర్వాత షేర్ ఆటోలు, బస్టాండు, రైతుబజారు. పిల్లని చూడగానే జనానికి చేతులాగవు. ఒకామె బిస్కెట్ ఇస్తుంది, ఒకాయన బజ్జీ ముక్క విసురుతాడు. "పెట్టొద్దు" అంటే "పాపం, నోరు లేని జీవం, నీ సొమ్మేం పోతాది?" అని నన్నే తిట్టేవాళ్లు. కింద పడిందేదీ ముట్టకూడదని నేర్పడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఎండాకాలంలో ఇంకో బెంగ. బయల్దేరే ముందు అరచేతి వెనక భాగం తారు మీద ఆనించి పది లెక్కపెట్టాలి. నా చెయ్యి ఓర్చుకుంటేనే దాని పాదం ఓర్చుకుంటుంది. మా ఊళ్లో మార్చి నెలలోనే ఆ లెక్క ఐదు దాటదు. తెల్లారకముందే లేచి తిప్పేదాన్ని.

రైతుబజారు దగ్గర ఒకసారి నాలుగు వీధికుక్కలు చుట్టుముట్టాయి. పిల్ల నా కాళ్ల మధ్య దూరింది. గొడుగు ఝళిపించాను, లాభం లేకపోయింది. మెళ్లో ఉన్న విజిల్ తీసి ఊపిరంతా బిగబట్టి ఊదాను. కుక్కలు పరుగో పరుగు. పక్కన టీ బంకు దగ్గర ఇద్దరు మీసాలొచ్చిన మగవాళ్లు గ్లాసులు చేత్తో పట్టుకునే అటెన్షన్‌లో నిలబడ్డారు. నా పాత స్టూడెంట్లట! అక్కడ నవ్వేశాను గానీ ఇంటికొచ్చాక ఒకటే ఆలోచన. ఆ నాలుగు కుక్కలూ చెల్లెల్ని చుట్టుకుంటే విజిల్ ఊదేదెవరు? ఆ సాయంత్రం నుంచీ పిల్లకి వీధికుక్కలు కనబడితే ఆగి నిలబడటం నేర్పడమే నా పనైపోయింది. నేర్చుకుంది. దేన్నయినా రెండు మూడు వారాల్లో నేర్చుకునేది. నా కాళ్ల వంక చూస్తూ నడిచేది, నా అడుగు ఎటు పడితే దాని అడుగు అటు పడేది. అంత తెలివైన పిల్ల.

ఇక జొన్నల సంగతి. మా రోడ్డు మీద పంటలొచ్చే రోజుల్లో చుట్టుపక్కల పల్లెల రైతులు గింజలు ఆరబోస్తారు. కార్తీకంలో మొక్కజొన్నలు, మాఘం నుంచి జొన్నలు. వాళ్లకి కల్లాలు లేవు, తారు రోడ్డే కల్లం. సర్వీసు రోడ్డులో ఎడమ సగమంతా గింజలు పరిచి, చుట్టూ రాళ్లు పేర్చి పెడతారు. బండ్లు, లారీలు, ట్రాక్టర్లు అన్నీ మిగిలిన కుడి సగంలోనే, ఎదురూ బొదురూ.

నేను గింజ తొక్కను. మా నాయన పత్తికొండ పక్కన కౌలుకి జొన్న పండించినవాడు. వానలు లేని ఏళ్లలో మా అమ్మ నేల మీద పడిన గింజలు ఒక్కొక్కటీ వేలితో ఏరడం చూశాను. పొరపాటున కాలు తగిలితే వంగి వేలితో తాకి కళ్లకద్దుకోవాలి, లేకపోతే వీపు మోగేది. కాబట్టి గింజలు కనబడగానే నా అడుగు దానంతటదే కుడికి తిరుగుతుంది. పిల్ల నాతో ఉన్నా అంతే. "తొక్కకూడదు తల్లీ" అని దాన్ని కుడికి తిప్పి, ముందూ వెనకా బండ్లు చూసుకుని, రోడ్డు మధ్య నుంచి నడిపించి, గింజలు దాటాక మళ్లీ ఎడమకి తెచ్చేదాన్ని. రెండు పంటల కాలం అలాగే చేశాను. చివరికి నేను చెప్పకముందే పిల్లే తిరిగేది. ఆరబోసినవాళ్లు చూసి మురిసిపోయారు. "అబ్బ, కుక్కకుండే బుద్ధి మనుషులకి ల్యా" అన్నాడొకాయన. నాకు అవార్డు ఇచ్చినట్టయింది. ట్రైనరు ఒకసారి వచ్చినప్పుడు చూశాడు కూడా. గింజలు తినకుండా పక్కకి పోతోందనుకుని "వెరీ గుడ్ అక్కా" అన్నాడు.

ఏడాది నిండాక పిల్లని ఆయన బెంగుళూరు తీసుకుపోయాడు. నాలుగు నెలలు నేర్పి, వీపు మీద పిడి ఉన్న తోలు పట్టీ తొడిగి కార్తీకంలో వెనక్కి తెచ్చాడు. చెల్లెలు ఆ పిడి పట్టుకుని వాకిట్లో నాలుగడుగులు వేసిందో లేదో, ఆమె మొహం విచ్చుకుంది. ఇంటి ముందు స్తంభం, ఆగి ఉన్న బండి, కాలువ, అన్నీ తప్పించుకుంటూ పోతోంది పిల్ల. వారం రోజులు వీధుల్లోనే తిప్పి, ఎనిమిదో రోజు పొద్దున ఆఫీసు దారి పట్టించాడు. చెల్లెలూ పిల్లా ముందు, ఆయనా నేనూ పది అడుగుల వెనక. నా గుండె దడదడా కొట్టుకుంటూనే ఉంది, కానీ అది సంతోషపు దడ అనుకున్నాను.

సగం దారిలో మొక్కజొన్నలు పరిచి ఉన్నాయి. పిల్ల ఆగింది. చెల్లెలు "నేరుగా పద" అంది. పిల్ల కుడికి తిరిగింది. నిదానంగా, నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు, చెల్లెల్ని రోడ్డు మధ్యలోకి తీసుకుపోయింది. ఎదురుగా లారీ. ఆ హారన్ మోత ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ట్రైనరు ఎప్పుడు ఉరికాడో తెలియదు, చెల్లెల్ని రెక్క పట్టి వెనక్కి లాగాడు. లారీ గాలికి ఆమె కొంగు ఎగిరి మొహం మీద పడింది.

నేను రోడ్డు మీదే ట్రైనరు మీద విరుచుకుపడ్డాను. "ఇదేనా మీరు నేర్పించింది? నాలుగు నెలలు ఏం చేశారు? మా చెల్లెల్ని చంపడానికి తెచ్చారా దీన్ని?" నా నోటికి మూత లేదు. ఆయన అంతా విన్నాడు. చెల్లెల్ని రోడ్డు పక్కన కానుగ చెట్టు కింద కూర్చోబెట్టి, పిల్ల తాడు నా చేతికిచ్చాడు. "అక్కా, మీరొకసారి దీంతో నడవండి. ఎప్పుడూ నడిచేట్టే."

నడిచాను. గింజల దగ్గరికి రాగానే నా కాళ్లు కుడికి తిరిగాయి. పిల్ల కాళ్లూ తిరిగాయి, ఒకే లెక్కన, నా బళ్లో పిల్లలు కవాతు చేసినట్టు. ఆయన విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. బెంగుళూరు రోడ్ల మీద జొన్నలు ఆరబోయరు కాబట్టి, ఒకసారి చూసినా ఆయనకి అసలు సంగతి తెలిసే దారి లేదు. కళ్లున్నదాన్ని, బండ్లు చూసుకుని మధ్యలోకి పోయినదాన్ని నేను. చూపు లేని మనిషిని కూడా అలాగే తీసుకుపొమ్మని నేర్పాను. నిజానికి రాళ్లు పేర్చి ఉన్న ఆ గింజల్లోకి ఏ బండీ రాదు. ఆ రోడ్డు మొత్తానికి మా చెల్లెలికి భద్రమైన చోటు ఆ గింజల మీదే.

పోతూ పోతూ ట్రైనరు చెప్పాడు. "పునాదిలో పడింది నేను తీయలేనక్కా. ఎవరి కాళ్లు చూసి నేర్చుకుందో ఆ కాళ్లే మాన్పించాలి. ఎండలు ముదిరేలోపల మళ్లీ వచ్చి చూస్తా. మానకపోతే దీన్ని ఈ పనికి ఇవ్వను, తీసుకుపోతా. ఇంకో పిల్ల తయారు కావాలంటే మళ్లీ రెండేళ్లు." రెండేళ్లు మా దగ్గర లేవు. వేసవికి నేను పత్తికొండ పక్క ఉంటాను. చెల్లెలు ఇంట్లో కూర్చుంటుంది.

ఆమెతో నిజం చెప్పలేదు. "ఏదో వాసన తగిలి పోయింది" అన్నాను. అంత పెద్ద నోరున్నదాన్ని, ఆ ఒక్క మాట దగ్గర పిల్లిలా అయిపోయాను. చెల్లెలు నమ్మింది. నమ్మి, పిల్ల మీద కోపం పెంచుకుంది. అది వచ్చి ఒళ్లో తల పెడితే తోసేసేది. "పో మే. నిన్ను నమ్మితే నన్ను సంపేదానివి" అనేది. పిల్ల గడప పక్కన గడ్డం నేలకానించి పడుకుని మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూసేది. తప్పు నాది, తిట్లు దానికి.

రోజూ పొద్దున పిల్లని గింజల దగ్గరికి తీసుకుపోయి "నేరుగా పద" అనేదాన్ని. నోరు నేరుగా అనేది, చెయ్యి మాత్రం బిగుసుకునేది. గింజకి ఒక్క అడుగు ముందు నా కాలు ఆగిపోయేది. ఆ బిగువు తాడు గుండా దానికి తెలిసిపోయేది, కుడికి తిరిగేది. మనుషుల్ని లెఫ్ట్ రైట్ అంటూ నడిపించినదాన్ని, నా కాలు నా మాట వినలేదు. రెండు నెలలు అట్లాగే పోయాయి. మొక్కజొన్నలు ఎత్తేశారు. జొన్నలు రావడం మొదలైంది.

ఒక ఆదివారం చెల్లెలు వేరుశనక్కాయలు వొలుస్తూ కూర్చుంది. పిల్ల దగ్గరికి పోతే మళ్లీ మోచేత్తో నెట్టింది. ఇక ఆగలేకపోయాను. అంతా చెప్పేశాను, నాయన సంగతీ, కుడికి తిప్పిన సంగతీ, అవార్డు వచ్చినట్టు మురిసిపోయిన సంగతీ. ఆమె వేరుశనక్కాయల చేట పక్కకి నెట్టింది.

"నేను లారీ కింద పడబోయినందుకు కాదక్కా నాకు కోపం" అంది. "రెండు నెల్లు నేను దీన్ని తిడ్తాంటే ఇనుకుంటా గమ్మున ఎట్ల కూచున్యావు?"

ఆమె చేత్తో తడుముకుంటూ పోయి పిల్ల మెడ పట్టుకుని దాని పక్కనే కూర్చుంది. తర్వాత అంది: "తొక్కితే పాపమైతే అది నీ కాళ్లకే ఉండనీ. నా కాళ్లకి తగిలించొద్దు. ఎట్ల మాన్పిస్తావో నాకు తెలీదు, మాన్పియ్యి."

మర్నాడు పొద్దున నేనూ పిల్లా మళ్లీ జొన్నల అంచున ఆగిపోయి ఉంటే, ఆ జొన్నల తాలూకు ముసలమ్మ చూసింది. ఎండిన కట్టె లాంటి మనిషి, తలకి తుండుగుడ్డ. చెప్పుల్లేకుండా జొన్నల్లోకి దిగి, కాళ్లు ఎత్తకుండా ఈడుస్తూ ఈ చివర నుంచి ఆ చివరకి పోతోంది. ఆమె పాదాల వెనక గింజ చాలుగా విచ్చుకుంటోంది, అడుగున ఉన్న పచ్చి గింజ పైకి వస్తోంది.

"ఏం మే, దినామూ ఈడికొచ్చి నిలబడుకుంటావు, కుక్కను సతాయిస్తావు. ఏంది నీ కత?" అంది.

చెప్పాను. చూపు లేని చెల్లెలనీ, వేసవికి బదిలీ అనీ, గింజ తొక్కలేకపోతున్నాననీ, మా నాయన అలా పెంచాడనీ.

ముసలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. "మీ నాయన కల్లంలో జొన్నలు దేంతో తిప్పినాడు మే? నెత్తితో తిప్పినాడా?"

మా నాయన కల్లంలోకి చెప్పులు విడిచి దిగడం నాకు గుర్తుంది. దిగాక ఏం చేసేవాడో, కళ్ల ముందే జరిగింది, మర్చిపోయాను.

"కంకులప్పుడు ట్రాక్టరుతో తొక్కిస్తిమి. ఎనుములు తొక్కె, మనుషులు తొక్కె. నీ కాలు తగిలితే జొన్నకొచ్చే రోగమేంది? చెప్పులిడ్సు. దిగు. తొక్కేది కాదు, తిప్పేది. కాలెత్తొద్దు, ఈడ్చుకుంటా రా నా ఎనక."

చెప్పులు విడిచాను. వంగి గింజని తాకి కళ్లకద్దుకుని దిగాను. అరికాళ్ల కింద జొన్నలు చల్లగా, జారుతూ ఉన్నాయి. కాలు ఈడ్చాను. చెయ్యి బిగుసుకోలేదు. తిప్పేటప్పుడు తొక్కుతున్నానన్న భయం లేదు, పనిలో ఉన్నాను. వెనక్కి తిరిగి చూస్తే పిల్ల ఇంకా అంచునే నిలబడి నా కాళ్ల వంక చూస్తోంది. ఒక పాదం పెట్టింది, తీసింది. మళ్లీ పెట్టింది. నాలుగో రోజుకి నా వెనకే జొన్నల్లో నడిచింది. ముసలమ్మకి కుక్క గింజలో నడవడం ఇష్టం లేదని మొహం చూస్తేనే తెలిసింది. "కడుక్కుని తింటాంలే, పోనీ" అంది అంతే. అప్పటినుంచి ఇరవై రోజులకు పైగా బడికి పోయేముందు ఆమె జొన్నలు నేనే తిప్పాను. తర్వాత మామూలు అడుగులతో, తర్వాత చెప్పులతో, తర్వాత చెల్లెలు పిడి పట్టుకుని నేను పక్కన నడుస్తూ. పిల్ల నేరుగానే నడిచింది. నేను పక్కనుంటే నడిచింది. లేకపోతే నడుస్తుందా లేదా అన్నది మాత్రం తెలియలేదు. తెలుసుకోవాలంటే నాకు ధైర్యం చాల్లేదు.

మార్చిలో ట్రైనరు వచ్చాడు. "నేను ఆఫీసు గేటు దగ్గర నిలబడతా. ఇద్దరే రావాలి. మీరు ఇల్లు కదలొద్దక్కా. పిల్ల రోడ్డు మధ్యలోకి వచ్చిందంటే ఈ రోజే నాతో తీసుకుపోతా" అన్నాడు. సరేనన్నాను. చెల్లెలు గడప దాటిన రెండు నిమిషాలకి నేనూ దాటాను. యాభై అడుగుల వెనక, చప్పుడు చెయ్యకుండా, బూట్లు కూడా వేసుకోకుండా చెప్పులతో.

జొన్నల అంచున పిల్ల ఆగింది. "నేరుగా పద" అంది చెల్లెలు. కదల్లేదు. తల వెనక్కి తిప్పి నా వంక చూసింది. ఎదురుగా దూరంగా లారీ వస్తోంది. ఒక్క అరుపు అరిస్తే చాలు, పరిగెత్తి రెక్క పట్టుకుంటే చాలు. అదే చేస్తే పిల్ల పోతుంది, ఉద్యోగమూ పోతుంది.

చెల్లెలు తల తిప్పకుండానే పిలిచింది. "అక్కా. ఎనకాలనే ఉండావు కదా?"

నేను ఉన్నచోటే ఆగాను.

"ఇది నీ పక్కకి తిరిగింది. పిడిలో నాకు తెలుస్తాంది. నువ్వుంటే ఇది నీ కాళ్లు సూస్తాది గాని దోవ సూడదు. నువ్వు ఇంటికి పో."

లారీ మోత పెరుగుతోంది. వెనక్కి తిరిగాను. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు. ఇంటి వైపు మొహం పెట్టి ఒక అడుగు, ఇంకో అడుగు. రోడ్డు పక్కన రాళ్ల మీద కూర్చున్న ముసలమ్మ ఎదురైంది. ఆమె మొహం అటు, నాది ఇటు. ఆమె ముందే ఆగిపోయాను.

"అవ్వా, ఏం చేస్తాండారు? చెప్పు."

"నిలబడే ఉండారు. లారీ దగ్గరికొస్తాండాది." ముసలమ్మ కళ్లు చిట్లించింది. "ఆ... కుక్క కాలు పెట్టింది."

"యా పక్క? అవ్వా, యా పక్కకి?"

"యా పక్కేంది మే, జొన్నల్లోనే. పోతాండారు. నడిమిట్లోకి వచ్చినారు."

లారీ నన్ను దాటి పోయింది, ఒళ్లంతా దుమ్ము. హారన్ కొట్టలేదు. నేను కళ్లు మూసుకునే ఉన్నాను.

"దాటినారు. ఇంక సూడు పో" అంది ముసలమ్మ.

చూశాను. వాళ్లిద్దరూ అప్పటికే చిన్నగా కనబడుతున్నారు, ఎడమ వైపునే, ఆఫీసు వైపు పోతూ. రాళ్ల మధ్య పరిచిన జొన్నల్లో ఈ చివర నుంచి ఆ చివరకి ఒక దారి పడి ఉంది. రెండు చెప్పుల గుర్తులు, పక్కన పిల్ల పాదాలు. ఎక్కడా వంకర లేదు.

ముసలమ్మ లేచి తుండుగుడ్డ దులుపుకుని, కాలు ఈడుస్తూ అటే పోబోయింది.

"అవ్వా, దాన్ని అట్లనే ఉండనీ. రొంతసేపు" అన్నాను.

"ఉండనిస్తే అడుగువి ఎండేదెట్ల?" అని, ఆ గుర్తుల మీదుగానే తిప్పుకుంటూ పోయింది. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే చెప్పులు విడిచి, ఆమె పక్క చాలులో నేనూ కాళ్లు ఈడుస్తూ నడిచాను.